జాయ్ కోసం కొన్న బండి

నల్లగుండ్లపల్లిలో ఎవరి మోటారు మొరాయించినా ముందు జయరాజు ఇంటికే కబురు వెళ్లేది. అతను మెకానిక్కు కాదు. చిన్నప్పటి నుంచీ బోరు లారీల మీద బతికిన మనిషి. మీసాలు రాకముందే, తమ ఊళ్లో బోరు వేయడానికి వచ్చిన తమిళ లారీ వెంట వెళ్లిపోయి, తల నెరిశాక తిరిగొచ్చాడు. మధ్యలో నల్లమ్మను పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురిని కన్నాడు, క్రిస్మసుకూ చావులకూ వచ్చిపోయేవాడు. మిగతా కాలమంతా రాయదుర్గం నుంచి గోరంట్ల దాకా ఎర్రటి బీళ్లలో, కంప్రెసర్ హోరు పక్కన నిలబడే గడిచిపోయింది.

ఆ పనిలో అతనికి పేరు తెచ్చింది చెవి. బండను కొట్టుకుంటూ లోపలికి దిగే సుత్తి చప్పుడు కొంచెం మారితే చాలు, కింద నీళ్లుండే పగులు తగిలిందో, ఉత్త బండేనో చెప్పేసేవాడు. రైతులు లారీ ఓనరును వదిలేసి అతని మొహంలోకే చూసేవారు. "ఏమప్పా, సప్పుడు మారిందా?" అని అడిగేవారు. మారలేదని చెప్పడం అతనికి ఎన్ని బోర్లు వేసినా అలవాటు కాలేదు. తెల్లటి రాతిపొడి గాలిలోకి లేస్తుంటే, దాన్ని చూస్తూ అక్కడే చతికిలబడి, తలమీద కొంగు నోట్లో కుక్కుకునే ఆడవాళ్లను అతను చాలామందిని చూశాడు.

ఏళ్ల తరబడి ఆ హోరు విన్న చెవులు మెల్లగా మూసుకుపోయాయి. మొదట సన్నటి శబ్దాలు పోయాయి. పిట్టల కూతలు, కాలి పట్టీలు, కుక్కరు ఈల ఒకటొకటే అతని లోకంలోంచి తప్పుకున్నాయి. తర్వాత మాటలు పోవడం మొదలైంది. ఎదురుగా ఉండి మాట్లాడితే పెదవులను బట్టి తెలుసుకునేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఒకసారి ఆపరేటర్ "ఆపు, ఆపు" అని పైనుంచి అరిచినా వినపడక ఇనుప రాడ్డును వదిలేశాడు. పక్కనున్న కూలీ కాలు కొద్దిలో తప్పింది. ఆ సాయంత్రమే ఓనరు అతన్ని ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి నడుము నొప్పి అని చెప్పాడు. చెవులు పోయాయని భార్యకు కూడా చెప్పలేదు. అతనికి ఊళ్లో ఉన్న పరువంతా ఆ చెవితో వచ్చిందే. మోటారు చూడమని ఎవరైనా తీసుకెళితే దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. బేరింగు పోయినా, షాఫ్టు వంగినా ఆ అదురు అరచేతికి తెలిసేది. జనం అదేదో మరింత పెద్ద విద్య అనుకున్నారు. ప్రార్థన మందిరంలో అందరూ పాడుతుంటే అతనూ పెదవులు కదిపేవాడు. నల్లమ్మది పుట్టుకతోనే పెద్ద గొంతు. ఆమె మాటల్లో సగం వినపడేవి. వినపడనివాటికి "ఊఁ" అనేవాడు. ముసలితనంలో మొండితనం వచ్చిందని ఆమె విసుక్కునేది.

కూతురు జాయ్ ఇంటర్ పాసయ్యి, డిగ్రీలో చేరి, మధ్యలో మానేసింది. అనంతపురంలో ఏదో సంస్థ ఆడపిల్లలకు ఉచితంగా డ్రైవింగు నేర్పుతుంటే వెళ్లి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. నల్లమ్మకు అది నచ్చలేదు. జయరాజు మాత్రం ఆ లైసెన్సు కార్డును చొక్కా జేబులో పెట్టుకుని ఒక వారమంతా ఊళ్లో తిరిగాడు.

బండి కొనాలన్న ఆలోచన హనుమంతమ్మది. ఆమెది వాళ్ల వీధే. భర్త లేడు, పిల్లలు లేరు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో మిషను మీద కూర్చునేది. ఊళ్లోంచి ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు అదే యూనిట్‌కు వెళ్లేవారు. బస్సు సమయానికి రాక షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోయేవారు. ఒకరోజు ఆ ఆటో మలుపులో పక్కకు ఒరిగి పడింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు గానీ, గీరుకుపోయిన మోచేతులతో హనుమంతమ్మ నేరుగా జయరాజు ఇంటికి వచ్చింది.

"జయరాజన్నా, నీ కూతురు చేతిలో లైసెన్సు పెట్టుకోని ఊరికే ఉండాది. ఒక పాత బండి తీసియ్యి. మేమంతా దాంట్లోనే పోతాం. ఆ తాగుబోతోని ఆటో ఎక్కేదానికి ఇంగ నాకు ధైర్యం సాలదు."

ఆమె ఎదురుగా కూర్చుని చెప్పింది కాబట్టి ప్రతి మాటా అతనికి తెలిసింది. జాయ్ గడప దగ్గర నిలబడి తండ్రి మొహం వైపే చూస్తోంది. అంత ఆశగా ఆ పిల్ల తనను చూడటం అతనికి గుర్తులేదు. సరేనన్నాడు.

మేకలను అమ్మారు. నల్లమ్మ గొణుగుతూనే పొదుపు సంఘంలో లోను తీసింది.

మొదట గుంతకల్లు వెళ్లారు. ఆంజినప్ప అని రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయన తన చిన్న కారు అమ్ముతున్నాడని తెలిసింది. తెల్లటి కారు. పాతదే అయినా, పైన దుప్పటి కప్పి ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు. జాయ్ అందులో కూర్చుని ఆ వీధి చివరి దాకా నడిపి తీసుకొచ్చింది. దిగేటప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది.

"నాయనా, మెత్తగా ఉండాది. సెప్పినట్ల ఇంటాది," అంది.

జయరాజు డోరు మీద వేలితో కొట్టి చూశాడు. రేకు పల్చగా అనిపించింది. ఆ రోడ్డు మీద తిరిగే గ్రానైటు లారీలు కళ్లముందు మెదిలాయి. ఒక్క లారీ రాసుకుపోయినా ఈ రేకు అగ్గిపెట్టెలా నలిగిపోతుంది, లోపల తన బిడ్డ ఉంటుంది. అతను అలా ఆలోచిస్తుండగా, ఆంజినప్ప బానెట్టు లోపలికి వంగి, వాళ్ల వైపు చూడకుండా ఏదో చెబుతున్నాడు.

"కొత్తగా నేర్చుకున్న పాపకు చిన్న బండే మేలప్పా. బరువు బండి ఆపాలంటే చెయ్యి తిరిగినోళ్లకే కష్టం. ఒక సమచ్చరం దీంట్లో తిరగనీ, తర్వాత ఏదన్నా కొనుక్కోండి. బ్రేకులు ఇప్పుడే కొత్తవి ఏయించినా."

జయరాజు తల ఊపాడు. జాయ్ ఆ తల ఊపడం చూసి బేరం కుదిరిందనుకుంది. ఆంజినప్ప కాఫీ తెమ్మని లోపలికి కేక వేశాడు. కాఫీ తాగి జయరాజు లేచి చేతులు జోడించి, "మళ్లీ కనపడతాం సార్," అని బయటికి నడిచాడు. జాయ్‌కు ఏమీ అర్థం కాలేదు. బస్టాండు చేరాక అడిగింది.

"యాల వద్దంటివి నాయనా? ఆయప్ప చెప్పినదానికంతా తలకాయ ఊపితివి గదా?"

"అది డబ్బా పాపా. ఏదన్నా తగిల్తే నీకు ఎముకలు మిగలవు. దిట్టంగా ఉండేది చూస్తాం," అన్నాడు.

యంత్రాల విషయంలో నాయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఆ ఊళ్లోనే లేరు.

దిట్టమైనది అనంతపురంలో, పాత బండ్లు అమ్మే ఓబులేష్ దగ్గర దొరికింది. మూడు వరుసల సీట్లు ఉన్న డీజిల్ బండి. రంగు వెలిసి, సీట్లు చిరిగి ఉన్నా డోరు వేస్తే బీరువా తలుపులా పడింది. జయరాజు ఇంజను స్టార్టు చేయించి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. అదురు ఎక్కడా తడబడలేదు. తర్వాత ఆయిల్ గేజీ తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు, పొగ రంగు చూశాడు, వంగి కింద చాసీ మీద తుప్పు గీకి చూశాడు. ఓబులేష్ పక్కనే నిలబడి, ఈయన దగ్గర అబద్ధాలు చెల్లవని తెలుసుకున్నవాడిలా ఊరుకున్నాడు. నిజానికి ఇంజను విషయంలో జయరాజు పొరబడలేదు. ఆ ఇంజను చివరి దాకా బాగానే ఉంది.

జాయ్ నడిపి చూస్తానంది. తండ్రి పక్క సీట్లో, ఓబులేష్ వెనక సీట్లో కూర్చున్నారు. బైపాస్ మీద కొంత దూరం వెళ్లి, ఒక గేదె అడ్డం వస్తే బ్రేకు వేసింది. ముందు చక్రాల దగ్గర కీచుమని సన్నటి అరుపు లేచింది. మళ్లీ వేసింది, మళ్లీ అరిచింది.

"నాయనా, అదేం సప్పుడు?"

ఆమె తన వైపు తిరిగి అడిగింది. సప్పుడు అన్న మాట ఆమె పెదవుల మీద అతనికి స్పష్టంగా కనిపించింది. ఏ చప్పుడో అతనికి తెలియదు. అద్దంలో చూస్తే వెనక ఓబులేష్ మొహం మామూలుగానే ఉంది. నాకు వినపడలేదు అని ఆ క్షణంలో అనగలిగితే సరిపోయేది. కొత్త మనిషి ముందు, కూతురి ముందు, ఆ మాట అతని గొంతు దాటలేదు.

"పాత డీజిల్ బండి గదమ్మా. అట్లనే ఉంటాది," అన్నాడు.

వెనక నుంచి ఓబులేష్, "అదే గదన్నా! మీకు తెల్దా ఏంది," అన్నాడు. అదీ జయరాజుకు వినపడలేదు.

బండి ఊళ్లోకి వచ్చిన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన వెళ్లగానే హనుమంతమ్మ నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టి తొక్కించింది, ముందు ఒక మిరపకాయల దండ కట్టింది. ఎవరూ వద్దనలేదు. మరుసటి రోజు ఉదయం ఆడవాళ్లంతా టిఫిన్ డబ్బాలతో ఎక్కారు. హనుమంతమ్మ ముందు సీట్లో, జాయ్ పక్కన కూర్చుంది. ఆ సీటు ఆమెదే అయిపోయింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ ఇంట్లో అంత బాగా గడిచిన కాలం అంతకుముందు లేదు. జాయ్ ఉదయం ఆడవాళ్లను దింపి, అక్కడే ఉండి, మధ్యలో రాయదుర్గంలో ఆసుపత్రికో సంతకో పోయేవాళ్లను తిప్పి, సాయంత్రం అందరినీ తీసుకొచ్చేది. నల్లమ్మ కూడా ఒక ఆదివారం వెనక సీట్లో కూర్చుని పుట్టింటికి వెళ్లి వచ్చింది. దిగేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా అని నాలుగు వైపులా చూసుకుని మరీ దిగింది.

చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదట కీచుమన్నది కొన్నాళ్లకు గరగరలాడింది. తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా ఇనుము మీద ఇనుము రాసినట్టు పళ్లు జివ్వుమనేవి. ఆడవాళ్లు దాని మీద జోకులు వేసుకునేవారు. మలుపు వస్తే, "ఇంగ అరుస్తాది సూడండి మే," అని ఒకరినొకరు తట్టుకునేవారు. ఒకరోజు హనుమంతమ్మ అడిగింది.

"పాపా, ఈ గరగర మీ నాయనకు సెప్పినావా?"

"మొదుట్లోనే అడిగినా అత్తా. పాత బండంటే అట్లనే ఉంటాది అన్న్యాడు."

"ఆయన అన్న్యాడంటే సరేలే," అంది హనుమంతమ్మ.

ఆ ప్రమాదం ఉదయం పూట, ఊరి నుంచి రాయదుర్గం పోయే దారిలో, గుట్టల మధ్య నుంచి రోడ్డు దిగే చోట జరిగింది. ఎండాకాలం. పచ్చిక లేక ఎక్కడెక్కడి గొర్రెల మందలో రోడ్ల వెంట నడుస్తున్న రోజులు. దిగువలో, మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు, వాటి నడుమ కంబళి కప్పుకున్న ఒక ముసలి కాపరి. జాయ్ బ్రేకు తొక్కింది. పెడలు అడ్డం లేకుండా నేల దాకా దిగిపోయింది. మళ్లీ తొక్కింది. లోపల ఏమీ లేదు. ముసలాయన చెయ్యెత్తి నిలబడిపోయాడు. ఆమె స్టీరింగును ఎడమకు తిప్పేసింది. బండి రోడ్డు దిగి, మోరీ గోడకు ఎడమ పక్కతో గుద్దుకుని ఆగింది. గోడ రాళ్లు ముందు డోరును లోపలికి నెట్టాయి. ఆ పక్కనే హనుమంతమ్మ ఉంది.

అంత దిట్టమైన రేకూ ఆగలేదు.

వెనక సీట్లలో వాళ్లకు దెబ్బలు తగిలాయి, తలలు పగిలాయి, కానీ నడిచే బయటికి వచ్చారు. జాయ్‌కు నుదుటి మీద చీలింది. హనుమంతమ్మను బయటికి తీయడానికి గడ్డపార తేవలసి వచ్చింది. కాపరి తన కంబళి తీసి ఆమె కింద పరిచాడు. బళ్లారి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. ఎముకలు అతికాయి గానీ, భుజం దగ్గర నరాలు తెగిపోయాయి, ఎడమ చెయ్యి ఇక పనికిరాదు అన్నారు డాక్టర్లు. మిషను మీద గుడ్డను తిప్పే చెయ్యి అది.

బండిని పోలీసు స్టేషను వెనక ఖాళీ స్థలంలో పెట్టారు. బండ్లను పరీక్షించే ఆఫీసరు వచ్చిన రోజు జయరాజును పిలిచారు. ముందు చక్రం ఊడదీసి లోపల చూపించారు. బ్రేకు ప్యాడ్లు ఉండాల్సిన చోట అరిగి అరిగి ఉత్త ఇనప రేకు మిగిలింది. అది డిస్కును కోసేసింది. చివరికి ఆయిల్ కారిపోయింది. ఆఫీసరు ఏదో రాసుకుంటూ వెళ్లిపోయాడు. పక్కనున్న కానిస్టేబులు జయరాజు వైపు తిరిగి అడిగాడు.

"ఏమప్పా, ఇంత అరిగేదాకా అది ఊరికే ఉండదు గదా. నెలలకొద్దీ అరిసింటాది. బండిలో ఒక్కనికన్నా ఇనపల్యా?"

జయరాజు వంగి, అరిగిన ఆ ఇనప రేకు మీద వేలు పెట్టి చూశాడు.

ఆ రోజు అతను బస్సు ఎక్కలేదు. ఊరి దాకా నడిచే వచ్చాడు. కంది కట్టెలు ఎండి నిలబడిన చేలు, ఎప్పుడో వేసి వదిలేసిన బోరు గొట్టాలు, వాటి మీద మూతలుగా పెట్టిన రాళ్లు. వాటిలో కొన్ని అతను దగ్గరుండి వేసినవే. అనంతపురంలో బండి నడిపి చూసిన రోజు జాయ్ తన వైపు తిరిగిన తీరు, ఆ పెదవులు కదిలిన తీరు దారి పొడవునా అతని ముందే ఉన్నాయి.

హనుమంతమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అతను ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో వేరేవాళ్లదిలా పడి ఉంది. జయరాజు వాకిట్లోనే నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాకు సెవులు ఇనపడవు. లారీ మీద ఉన్నెప్పుడే పోయినాయి. ఎవురికీ సెప్పల్యా. ఆ బండి అరుస్తాంటే నాకు ఒక్కసారి గుడక ఇనపల్యా. ఆ పొద్దు జాయ్ నన్ను అడిగితే, ఇనపడినట్ల సెప్పినా."

హనుమంతమ్మ అతని మొహాన్నే చూసింది. ఆమెకు కోపం వస్తుందని, తిడుతుందని, వీధి జనాన్ని పిలుస్తుందని అనుకున్నాడు. అందుకే వచ్చాడు కూడా. ఆమె మెల్లగా, ఒక్కో మాటా అతనికి తెలిసేలా చెప్పింది.

"నాకు ఇనపడిందన్నా. దినామూ ఇన్న్యా. అందురమూ ఇన్న్యాం. నువ్వుండావు గదా, నీకు తెలిసింటాది గదా అనుకుంటిమి. నేను ఒక మెకానిక్కును అడిగింటే సరిపోతాండె. అడగల్యా."

అతను అక్కడే తల వంచుకుని ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో అతనికి తెలియలేదు. వీధిలో జనం ఆగి చూశారు.

ఇంటికి వచ్చి జాయ్‌కు చెప్పాడు. ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ప్రమాదం తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. పోలీసులకు మాత్రం, తాను బ్రేకు ఆలస్యంగా వేశానని చెప్పింది. బండిని చూసి కొన్నది ఎవరని అడిగితే, తనకు నచ్చే కొన్నానంది. జయరాజు మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఇటు తిరగలేదు. చివరికి లేచి కూర్చుని, తండ్రి మొహానికి ఎదురుగా మొహం పెట్టి మాట్లాడింది. ఆ తీరు చూడగానే అతనికి సగం అర్థమైంది.

"నాకు తెల్సు నాయనా."

"ఎప్పుటి నుంచి?"

"గుద్దుకునేదానికి రెండు దినాల ముందర తెల్సింది. నువ్వు బండి ముందర కూసోని చక్రం కడుగుతాంటివి. జరుగు నాయనా అని లోపల్నుంచి అరిస్తి. హారన్ కొడితి. నువ్వు కదల్యా. మళ్లా కొడితి. అప్పుడు తెల్సింది, ఆ బ్రేకు సప్పుడు గుడక నీకు ఇనపడిండదని."

జయరాజు మంచం కోడు పట్టుకున్నాడు.

"మెకానిక్కు కాడికి తీస్కపోదామనుకున్న్యా. నీకు తెలిస్తే నామోషీ అనుకుంటావని, ఆదివారం యూనిట్‌కు సెలవు గదా, అమ్మోళ్ల ఊరికని సెప్పి పోదామనుకున్న్యా. ఆదివారం రాకముందే అయిపాయ."

అక్కడే ఉన్న నల్లమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. "పిల్చినా పలకవంటే మొండికి పోతాండావు అనుకుంటి గదయ్యా," అంది. ఆ మాట అతనికి తెలియలేదు. ఎవరూ మళ్లీ చెప్పలేదు. అన్నం వండిన ఆనవాలు ఆ రోజు ఆ ఇంట్లో లేదు.

జయరాజు స్టేషనుకు వెళ్లి, తప్పు తనదని, కూతురిది కాదని చెప్పాడు. బండి నడిపింది ఎవరో వాళ్ల మీదే కేసు ఉంటుందని అక్కడివాళ్లు చెప్పి పంపేశారు. చెవులు వినపడకపోవడం నేరం కాదన్నారు. జాయ్ లైసెన్సును కొంతకాలం నిలిపేశారు. ఆ గడువు ముగిశాక కూడా ఆమె దాన్ని తెచ్చుకోవడానికి పోలేదు. ఓబులేష్ దగ్గరికి వెళితే ఆ చోట వేరే ఎవరో టైర్లు అమ్ముకుంటున్నారు.

నల్లమ్మ అతన్ని చెవుల శిబిరానికి తీసుకెళ్లింది. మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే చుట్టూ ఉన్న చప్పుళ్లన్నీ ఒకేసారి మీద పడ్డట్టు ఉండేవి గానీ, మాటలు విడివిడిగా తెలిసేవి కావు. డాక్టరు, ఇది ముందే తెచ్చి ఉంటే కొంత ఉపయోగం ఉండేదన్నాడు. కొన్నాళ్లు పెట్టుకుని తీసేశాడు. ఇప్పుడు ఊళ్లో అతన్ని మోటార్లు చూడమని ఎవరూ పిలవరు. చెవిటితనం వల్ల కాదు. ఎలా పిలవాలో వాళ్లకు తెలియక. ఎవరివో గొర్రెలు కాసేందుకు వెళుతున్నాడు. తోడు ఇంకొకరు ఉంటేనే మందను అప్పగిస్తున్నారు, రోడ్డు మీద హారన్ వినపడదని.

జాయ్ రాయదుర్గం యూనిట్లో చేరింది. ప్యాంట్లకు దారాలు కత్తిరించే పని. బస్సుకు పోతుంది, బస్సు రాకపోతే ఆటోకు పోతుంది. పోయే ముందూ వచ్చాకా హనుమంతమ్మ ఇంటికి వెళ్లి, ఆమెకు తల దువ్వి జడ వేసి, రవికె గుండీలు పెట్టి, అన్నం వండి పక్కన పెట్టి వస్తుంది. హనుమంతమ్మ వద్దనదు, బాగుందనీ అనదు. ఒక్క చేత్తో జడ వేసుకోవడం ఎవరికీ కుదరదు కదా. మొదట్లో ఇద్దరూ ఏడ్చుకునేవారు. ఇప్పుడు మాటలు కూడా లేవు.

మొన్న వానాకాలంలో, వాన రాని వానాకాలంలో, ఒక మధ్యాహ్నం కుళ్లాయప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను ఆ పక్క వీధివాడు. భార్యకు నొప్పులు వచ్చాయి, ఉమ్మనీరు పోయింది. అంబులెన్సు ఎక్కడో దూరంలో ఉందట. బామ్మర్ది కారు వాకిట్లోనే ఉంది, నడిపేవాడు మాత్రం పెళ్లికి పోయాడు. ఆ రోజు యూనిట్‌కు సెలవు. జాయ్ ఇంటి ముందు బట్టలు ఆరవేస్తోంది.

"పాపా, రామ్మా. నువ్వు నడుపుతావు గదా. బండి ఉండాది, తాళం ఉండాది. నీ కాళ్లు పట్టుకుంటా."

జాయ్ చేతిలోని తడి బట్ట అలాగే ఉంది. జయరాజు అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. కూతురిని పొమ్మని చెప్పాలనుకున్నాడు. ఏ నోటితో చెప్పాలో తెలియలేదు.

"నాకు రాదన్నా," అంది జాయ్.

"అదేంది పాపా, ఇన్నాళ్లూ..."

"నాకు బండి నడిపేది రాదు."

ఆ మాట ఆమె తండ్రి వైపు తిరిగి చెప్పలేదు. అయినా ఆమె పెదవులు అతనికి కనిపించాయి. కుళ్లాయప్ప వెనక్కి పరుగెత్తాడు. చివరికి ఎవరిదో ట్రాక్టరు దొరికింది. ట్రాలీలో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టి తీసుకెళ్లారు. దారిలోనే కాన్పయింది. తల్లి బతికింది. బిడ్డ మరుసటి రోజు పోయింది. ముందే వెళ్లి ఉంటే బతికేదా అని అడిగితే, చెప్పలేమన్నారట డాక్టర్లు. కుళ్లాయప్ప ఆ తర్వాత ఎదురుపడితే తల వంచుకుని పోతాడు గానీ, ఒక్క మాట అనలేదు.

జాయ్ బిడ్డ పోయిన సంగతి విన్న సాయంత్రం కూడా హనుమంతమ్మ ఇంటికి వెళ్లింది. జయరాజు వెనకే నడిచి, ఆ ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. లోపల తన కూతురు వంగి, ఆమె తలలో చిక్కులు తీస్తోంది. ఏదైనా మాట్లాడుకుంటున్నారేమోనని అతను గుమ్మం దగ్గరికి జరిగి వాళ్ల మొహాలు చూశాడు. ఇద్దరి పెదవులూ కదలడం లేదు. తోడు మనిషికి అప్పగించి వచ్చిన గొర్రెలను తోలుకురావాల్సిన వేళ అయిందని గుర్తొచ్చి, బీడు వైపు వెళ్లిపోయాడు.